కథ మింగేసిన కుండలు: బియాట్రిస్ వుడ్

అమెరికా కుమ్మరి బియాట్రిస్ వుడ్ పేరు విన్న తెలుగువాళ్ళు తక్కువ. విన్న కొద్దిమందీ మూడు కారణాల్లో ఏదో ఒకదాని వల్ల విని ఉంటారు. 'టైటానిక్' సినిమాలో ముసలి రోజ్ పాత్రను మలిచేటప్పుడు దర్శకుడు జేమ్స్ కామెరాన్ మనసులో ఉన్నది ఈమేనన్నది మొదటిది. పడుచుతనంలో ఫ్రెంచి కళాకారుడు మార్సెల్ దుషాంతో కలిసి తిరిగిన, కళ నియమాలను వెక్కిరించిన డాడా బృందపు అమ్మాయి అన్నది రెండవది. 1893 మార్చి 3న పుట్టి, నూట అయిదేళ్ళు నిండిన తొమ్మిది రోజులకు, 1998 మార్చి 12న కన్నుమూసిందనీ, అంత ఆయుష్షుకు కారణమేమిటని ఎవరడిగినా చాక్లెట్లూ పడుచు కుర్రాళ్ళూ అని తడుముకోకుండా జవాబిచ్చేదనీ మూడవది. మూడూ నిజాలే. ఆమె తనంతట తాను నీళ్ళు పోసి పెంచుకున్న కథలు కూడా. నా అభ్యంతరమల్లా, ఈ కథలు ఎంత రుచిగా ఉన్నాయంటే, అరవై ఏళ్ళకు పైబడి మట్టితోనూ నిప్పుతోనూ ఆమె చేసిన పని వాటి కింద పడి కనబడకుండా పోయింది. ఆమె మీద వచ్చిన వ్యాసాలు చదువుతుంటే, గ్లేజు (మట్టిపాత్ర మీద కాల్చే గాజులాంటి పూత) గురించి ఒక్క పేరా వచ్చేలోగా ప్రేమికుల గురించి నాలుగు పేరాలు దాటాల్సి వస్తుంది.

బాల్యం గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. శాన్‌ఫ్రాన్సిస్కోలో కలిగిన కుటుంబంలో పుట్టింది, న్యూయార్క్‌లో పెరిగింది. తల్లి ఆమెను తమ అంతస్తుకు తగ్గ ఇంటికి కోడలిగా పంపాలని చూస్తే, ఆ పిల్ల పారిస్ వెళ్ళి బొమ్మలు వేస్తాననీ నాటకాలాడతాననీ పట్టుబట్టింది. మొదటి ప్రపంచయుద్ధం వచ్చి వెనక్కి తరిమితే న్యూయార్క్‌లోనే ఫ్రెంచి నాటకాల్లో వేషాలు కట్టింది. 1916లో సంగీతకర్త ఎడ్గార్ వారీజ్ ఆసుపత్రిలో ఉన్నాడంటే పలకరించడానికి వెళ్ళి, అక్కడ దుషాంను కలుసుకుంది. దుషాం ద్వారా రచయిత ఆన్రీ పియేర్ రోషె పరిచయమయ్యాడు. ఈ ముగ్గురి స్నేహం చుట్టూ ఇంకో పుకారు కూడా పుట్టింది: రోషె తర్వాతి కాలంలో రాసిన ఒక ప్రసిద్ధ నవలలోని ముగ్గురూ వీళ్ళేనని. ఆ నవలకు మూలం రోషె జీవితంలోని వేరే స్నేహం, వేరే మనుషులు. ఆ మాట వుడ్ కూడా చెప్పింది. ఎవరూ పెద్దగా వినిపించుకోలేదు.

1917 సంగతి మాత్రం ఇక్కడ చెప్పాలి, కుండలతో దానికి సంబంధముంది గనుక. ఆ ఏడాది న్యూయార్క్‌లో స్వతంత్ర కళాకారుల సంఘం ప్రదర్శన పెట్టింది. రుసుము కట్టిన ఎవరి వస్తువునైనా ప్రదర్శిస్తామన్నది ఆ సంఘం నియమం. దుషాం ఒక మూత్రపాత్రను వెల్లకిలా తిప్పి, దాని మీద ఆర్. మట్ అని సంతకం పెట్టి, ఫౌంటెన్ అని పేరుపెట్టి పంపాడు. నిర్వాహకులు దాన్ని జనం కంటపడనివ్వలేదు. దుషాం, రోషె, వుడ్ కలిసి నడిపిన 'ది బ్లైండ్ మ్యాన్' అనే చిన్న పత్రిక రెండవ సంచిక ఆ వస్తువును సమర్థిస్తూ వచ్చింది. ఆ మట్ అనేవాడు దాన్ని తన చేతులతో చేశాడా లేదా అన్నది ముఖ్యం కాదనీ, దాన్ని ఎంచుకోవడమే అతను చేసిన పని అనీ ఆ సమర్థన వాదించింది.

చరిత్రకారులు ఇక్కడ ఒక విషయాన్ని సాధారణంగా దాటేస్తారు. ఆ మూత్రపాత్ర పింగాణీది. అచ్చులో పోసి, గ్లేజు పూసి, బట్టీలో కాల్చిన మట్టి. అంటే ఇరవయ్యో శతాబ్దపు కళలో అన్నిటికన్నా ఎక్కువ చర్చకు నోచుకున్న వస్తువు ఒక ఫ్యాక్టరీ కుండ. దాన్ని వెనకేసుకొచ్చిన ముగ్గురిలో ఒకామె, పదహారేళ్ళ తర్వాత, తన చేత్తో ఒక టీపాట్ చేసుకుందామని సాయంత్రం బడిలో చేరింది. ఎంచుకోవడమే చాలునన్న వాదాన్ని అచ్చు వేయించిన మనిషి, మిగిలిన జీవితమంతా చేసి చూడటంలోనే గడిపింది. ఆమెను 'డాడా అమ్మ' అని పిలవడం మీద నాకున్న ప్రధానమైన అభ్యంతరం ఇదే. డాడా పట్ల ప్రేమనూ, దాని అల్లరినీ ఆమె వదులుకోలేదు, నిజమే. వృత్తి విషయానికొస్తే మాత్రం ఆమె దుషాంకు ఎదురుగుండా నడిచింది.

ఆ పదహారేళ్ళలో ఆమె చాలా పోగొట్టుకుంది. చెల్లకుండా పోయిన పెళ్ళి, చెదిరిపోయిన నాటక జీవితం, అప్పులు. 1928లో లాస్ ఏంజిలస్ చేరింది. న్యూయార్క్ రోజుల్లో తన మిత్రులందరికీ ఇల్లు తెరిచిపెట్టిన ఆరెన్స్‌బర్గ్ దంపతులు అప్పటికే అక్కడికి తరలిపోయి ఉన్నారు. ఆ రోజుల్లోనే దివ్యజ్ఞాన సమాజం మీదా, మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి మీదా గురి కుదిరింది. 1929లో కృష్ణమూర్తి హాలండులోని ఓమెన్ శిబిరంలో, తన కోసం కట్టిన నక్షత్ర సంఘాన్ని తానే రద్దు చేశారు. సంఘం పోయినా ఆయన ప్రసంగాలు వినడానికి జనం ఓమెన్‌కు వెళ్తూనే ఉన్నారు, వారిలో వుడ్ కూడా ఉంది. అలా హాలండు వెళ్ళినప్పుడు ఒక పాత సామాన్ల దుకాణంలో లోహపు మెరుపున్న ఆరు పళ్ళేలు కొనుక్కుంది. వాటికి జత కుదిరే టీపాట్ ఎక్కడా దొరకలేదు. తానే చేసుకుంటే పోయిందనుకుని, 1933లో హాలీవుడ్ హైస్కూల్లో పెద్దలకు నేర్పే తరగతిలో చేరింది. అప్పటికామెకు నలభై ఏళ్ళు. టీపాట్ అయితే అప్పట్లో తయారు కాలేదు.

ఈ టీపాట్ ముచ్చటను మన వాట్సాప్ సందేశాల ధోరణిలో చెప్పడం చాలా తేలిక. నలభైలో మొదలుపెట్టి నూరేళ్ళకు శిఖరమెక్కింది, మీరూ మొదలుపెట్టండి అని ఒక దండం బొమ్మ పెట్టేయవచ్చు. అలాంటి సందేశం అసలు పనిని దాచిపెడుతుంది. నలభైకీ ఎనభైకీ నడుమ నలభై ఏళ్ళున్నాయి. ఆ నలభై ఏళ్ళలో ఆమె ఏం చేసిందో చూడకుండా ఎనభై తర్వాత ఏం జరిగిందో అర్థం కాదు.

ముందు దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో గ్లెన్ లూకెన్స్ దగ్గర నేర్చుకుంది. 1938 వరదల్లో ఆమె ఇల్లు కొట్టుకుపోయింది, మళ్ళీ మొదటికొచ్చింది. తర్వాత 1940 ప్రాంతంలో గెర్ట్రూడ్, ఆటో నాట్స్లర్ దంపతుల దగ్గర చేరింది. వీళ్ళు 1938లో హిట్లర్ ఆక్రమించిన వియన్నా నుంచి పారిపోయి వచ్చినవాళ్ళు. సారె మీద కాగితమంత పల్చగా పాత్రను లేపడం గెర్ట్రూడ్ పని, ఆ పాత్రకు గ్లేజు తయారుచేసి కాల్చడం ఆటో పని. గ్లేజును పైపూతగా కాక, పాత్రతో సమానమైన విషయంగా పట్టించుకునే ఇల్లు అది. సారె పనిలో వుడ్ ఎప్పటికీ గెర్ట్రూడ్ కాలేదు. తాను పుట్టుకతో పనిమంతురాలిని కాననీ, పని చేసీ చేసీ అయ్యాననీ ఆమె బాహాటంగా చెప్పుకునేది. గ్లేజు విషయంలో మాత్రం తన దారి తాను వెతుక్కుంది. ఈ కాలమంతా బతుకుతెరువు కోసం పళ్ళేలూ గిన్నెలూ చేసి అమ్ముకుంది, పెద్ద డిపార్ట్‌మెంట్ స్టోర్ల ఆర్డర్లు పుచ్చుకుంది. అదంతా రోజువారీ పని. కళాచరిత్రలు ఈ భాగాన్ని ఒక వాక్యంలో ముగించేస్తాయి. నాకు మాత్రం ఆమె జీవితంలో అన్నిటికన్నా గౌరవించదగిన భాగం ఇదేననిపిస్తుంది.

1948లో లాస్ ఏంజిలస్‌కు వాయవ్యంగా ఉన్న ఓహాయ్ లోయలో, కృష్ణమూర్తి ఉండే చోటికి దగ్గర్లో ఇల్లు కట్టుకుంది. అక్కడి హ్యాపీ వ్యాలీ బడిలో పిల్లలకు మట్టిపని కూడా నేర్పింది.

కాలిఫోర్నియాలో ఉండే మాకు ఆంధ్రా నుంచి చుట్టాలొస్తే ఓహాయ్ ప్రయాణం ఒకటి తప్పదు. కృష్ణమూర్తి 1986లో తుదిశ్వాస విడిచిన పైన్ కాటేజీనీ, ఆ ముంగిట్లోని మిరియపు చెట్టునూ చూసి, రిషివ్యాలీ గురించి నాలుగు మాటలు చెప్పుకుని తిరుగుముఖం పడతారు. ఇక్కడికి దగ్గర్లోనే ఒక కుండల ఆవిడ ఇల్లుందంటే, ఎండగా ఉందిలే బాబూ, ఈసారి చూద్దాం అంటారు. నేను పట్టుబట్టి తీసుకెళ్తాను. 1974లో ఆమె ఎగువ ఓహాయ్‌కి మారి కడదాకా ఉన్న ఆ ఇల్లు ఇప్పుడు ఆమె పేరిటే కళాకేంద్రంగా నడుస్తోంది.

అక్కడ కాలున్న పాత్ర ఒకటుంది, చర్చిల్లో ద్రాక్షసారాయి పోసే చాలీస్ ఆకారం. మొదటి చూపులో అది బంగారం. రెండో చూపులో అసలు బంగారం కాదని తెలుస్తుంది, బంగారానికి లేని చెడ్డ అలవాట్లు దానికున్నాయి గనుక. అంచు నిటారుగా లేదు. ఒంటి మీద గ్లేజు ఉడుకుతూ ఉడుకుతూ గడ్డకట్టినట్టు బుడిపెలు, ఆ బుడిపెల మధ్య సూదిమొన గుంటలు. ఎత్తడానికి పనికిరాని చిన్న చిన్న చేతులు పక్కలకు అతికి ఉన్నాయి. ఎదురుగా నిలబడితే పసుపుగా ఉన్నది, ఒక అడుగు ఎడమకు జరిగితే గులాబీ రంగుకు తిరిగి, ఇంకో అడుగుకు పావురం మెడలోని ఆకుపచ్చనూ ఊదానూ చూపిస్తుంది. ఫొటోలో ఇది రాదు. ఫొటో ఒక్కచోట నిలబడి తీసేది, ఈ పాత్రేమో చూసేవాడు కదిలితేనే పలుకుతుంది. పుస్తకాల్లో ఆమె కుండలు చూసి పెదవి విరిచినవాళ్ళను నేను తప్పుపట్టను.

ఆ మెరుపు ఎలా వస్తుందో కొంచెం చెప్పాలి, ఆమె గొప్పతనమంతా ఆ కిటుకు దగ్గరే ఉంది కాబట్టి. మన ఇళ్ళల్లో పింగాణీ కప్పుల అంచున ఉండే బంగారు గీత వేరు. అది గ్లేజు కాలిన తర్వాత, బంగారం కలిసిన ద్రవంతో పైన గీసి, తక్కువ వేడిలో అంటించినది. అందుకే తోమగా తోమగా అరిగిపోతుంది, మైక్రోవేవ్‌లో పెడితే నిప్పురవ్వలు లేస్తాయి. లస్టర్ అనే పాత లోహపు మెరుపు పద్ధతి అది కాదు. తొమ్మిదో శతాబ్దపు ఇరాక్‌లో కుమ్మరులు ఒక ఉపాయం కనిపెట్టారు. కాలిన తెల్లని గ్లేజు మీద వెండి, రాగి లవణాలను మట్టిలో కలిపి పూసి, ఒక మోస్తరు వేడిలో మళ్ళీ కాలుస్తూ, బట్టీలోకి గాలి పోకుండా చేసి పొగబెట్టేవాళ్ళు. ప్రాణవాయువు దొరకని పొగ ఆ లవణాల్లోని ప్రాణవాయువును గుంజుకుంటుంది, లోహం ఒంటరిగా మిగిలి గ్లేజు పై పొరలో కంటికి కనపడనంత సన్నని రేణువులుగా నిలిచిపోతుంది. చల్లారాక మసిపట్టిన మట్టిని తుడిచేస్తే కింద మెరుపు బయటపడుతుంది. ఈ విద్య అక్కడ నుంచి ఈజిప్టుకూ, ఇరాన్‌లోని కాషాన్‌కూ, స్పెయిన్‌లోని మలగా, మనీసెస్‌లకూ, ఇటలీలోని గుబ్బియోకూ పాకింది. వేడి కొంచెం ఎక్కువైతే మెరుపు మసకబారుతుంది, తక్కువైతే అసలు పుట్టదు. పొగ నిమిషాల లెక్క తప్పితే నెలల పని బూడిద రంగులో చేతికొస్తుంది.

వుడ్ ఎంచుకున్నది దీనికన్నా మొండి దారి. లోహ లవణాలను పైన పూయడం మాని, గ్లేజులోనే కలిపేసింది. గ్లేజు కరిగి బట్టీ చల్లారే దశలో పొగబెడితే మెరుపు లోపల నుంచే పుడుతుంది. పైన పూసే పద్ధతిలో కుమ్మరికి కుంచె మీద కొంత పట్టుంటుంది, ఫలానా చోట ఫలానా పువ్వు అని గీసుకోగలడు. గ్లేజులో కలిపినప్పుడు ఆ పట్టు కూడా పోతుంది. పాత్ర ఆకారం, గ్లేజు మందం, బట్టీలో అది కూర్చున్న చోటు, పొగ తగిలిన వైపు, ఇవన్నీ కలిసి నిర్ణయిస్తాయి. కానీ ఆమెకు కావలసింది అలంకారం కాదు, పాత్ర ఒంటికి పుట్టిన చర్మం. కాషాన్ కుమ్మరులు లస్టర్‌తో బొమ్మలు గీశారు. ఆమె లస్టర్‌నే బొమ్మ చేసింది. పాత విద్యకు ఆమె కలిపిన కొత్తదనం ఇదీ అని నేను పందెం కాసి చెప్పగలను. ఈ ఒక్క సంగతి తెలిస్తే చాక్లెట్ల ముచ్చట ఎంత చిన్నదో అర్థమవుతుంది.

1961లో అమెరికా విదేశాంగ శాఖ తరఫున ఆమె భారతదేశం వచ్చి, ఊరూరా తన పాత్రలు ప్రదర్శించింది. అప్పటికి అరవై ఎనిమిదేళ్ళు. 1965లో మళ్ళీ వచ్చి మన జానపద కళల ఫొటోలు తీసుకుంది, 1972లో ఇంకోసారి వచ్చింది. హస్తకళల బోర్డును నడిపించిన కమలాదేవి చట్టోపాధ్యాయతో స్నేహం కుదిరింది. అప్పటి నుంచి చనిపోయేదాకా చీరే కట్టుకుంది, చేతుల నిండా వెండి కడియాలు వేసుకుంది. ఈ చీర కూడా కథలో చేరిపోయింది: చీర కట్టిన అమెరికా బామ్మ. మనవాళ్ళు రాసిన నాలుగు ముక్కల్లోనూ చీరే ముందుంటుంది, సహజమే. నాకు చీరకన్నా ముఖ్యంగా తోచేది ఆమె ఇంటి గోడల మీద చేర్చిపెట్టుకున్న మన జానపద వస్తువులు. మన ఊళ్ళల్లో కుమ్మరి చేసిన మట్టి గుర్రాన్ని గ్రామదేవతకు మొక్కుగా ఇచ్చి వచ్చేస్తాం, అది వానకు కరిగిపోయినా వెనక్కి తిరిగి చూడం. దాన్ని చేసినవాణ్ణి కళాకారుడని పిలవాలన్న ఊహ కూడా మనకు రాదు, వాడిది కులవృత్తి అంటాం. కులవృత్తి కానిదాన్ని నలభయ్యో ఏట ఎంచుకున్న ఒక పరాయి మనిషి ఆ గుర్రాన్ని తన చాలీస్ పక్కన పెట్టుకోవడంలో, ఆ కుమ్మరికి మనం ఇవ్వని స్థానం ఉంది. అంతకుమించి దీన్ని లాగను. భారతదేశం ఆమె పాత్రల రూపాన్ని మార్చేసిందని కొందరంటారు. ఒకదాని మీద ఒకటి పేర్చినట్టుండే ఆ తర్వాతి రూపాల్లోనూ, ఒంటినిండా అతికిన చిన్న చిన్న బొమ్మల్లోనూ నాకు గుడి గోపురం కనిపించిన మాట నిజమే గాని, గోపురాల నీడలో పెరిగిన కన్ను దేన్ని చూసినా గోపురాన్నే చూస్తుందేమో.

ఎనభై దాటాక ఏం జరిగిందో ఇప్పుడు చెప్పవచ్చు. 1980ల్లో గార్త్ క్లార్క్ అనే సెరామిక్స్ చరిత్రకారుడు లాస్ ఏంజిలస్‌లోనూ న్యూయార్క్‌లోనూ తాను నడిపిన గ్యాలరీల్లో ఆమె పాత్రలను పెట్టడం మొదలుపెట్టాడు. ఆమె అతి పెద్ద, అతి ధైర్యమైన లస్టర్ పాత్రలు చాలావరకు ఈ కాలానివే. 1985లో ఆత్మకథ వచ్చింది. నూరేళ్ళు దాటాక కూడా బట్టీ వదల్లేదు. ఈ వికాసాన్ని వయసు మహిమగా చూడటం నాకు నచ్చదు. నలభై ఏళ్ళ పాటు చెడిపోయిన పాత్రల నుంచి ఏ కలయిక ఏ వేడికి ఏమవుతుందో చేతికి పట్టుబడ్డ తర్వాత, డిపార్ట్‌మెంట్ స్టోరు ఆర్డరు తాపత్రయం లేకుండా, తన ఇష్టం వచ్చినంత పెద్ద పాత్ర చేసి పాడుచేసుకునే స్వేచ్ఛ ఆమెకు ఆ వయసులో దొరికింది. కారణం అది. ఆ స్వేచ్ఛ అరవై ఏళ్ళకే దొరికి ఉంటే ఆ పాత్రలు ఇరవై ఏళ్ళు ముందే వచ్చి ఉండేవని నా నమ్మకం.

ఎదురువాదం ఒకటుంది, దాన్ని తప్పించుకోకూడదు. కుమ్మరం బాగా తెలిసినవాళ్ళు కొందరు ఆమె పాత్రలు మొరటుగా ఉంటాయంటారు. గోడల మందం ఒక తీరుగా ఉండదు, చేతులు తర్వాత గుర్తొచ్చి అతికించినట్టుంటాయి, గ్లేజులోని గుంటలు పాఠ్యపుస్తకం ప్రకారం లోపాలు. ఇవన్నీ నిజాలే, నేనూ చూశాను. కానీ లస్టర్‌కు నునుపైన ఒళ్ళు శత్రువు. నున్నటి గోడ మీద ఆ మెరుపు తోమిన ఇత్తడిలా ఒకే వెలుగు వెలిగి ఊరుకుంటుంది. ఎగుడుదిగుళ్ళ మీద పడ్డప్పుడే ఒక్కో గుంటలో ఒక్కో రంగు నిలుస్తుంది. ఆ మొరటుతనాన్ని ఆమె మొదట కావాలని తెచ్చుకుందో, చేతగాక వచ్చిందో నాకు అనవసరం. వచ్చినదాన్ని ఏం చేయాలో ఆమెకు తెలిసింది. బొమ్మల విషయంలో మాత్రం విమర్శకుల పక్కనే ఉంటాను. వేశ్యాగృహాల కిటికీల్లోంచి తొంగిచూసే ఆడవాళ్ళూ, వెర్రిమొహాల మగవాళ్ళూ ఉన్న ఆ మట్టి బొమ్మల్లో చమత్కారం ఉంది, అల్లరి ఉంది, డాడా వాసనా ఉంది. ఒకసారి నవ్వుకుని పక్కకు జరగవచ్చు. వాటి దగ్గర కథకురాలు కనిపిస్తుంది. చాలీస్ దగ్గర కుమ్మరి కనిపిస్తుంది.

ఆమె కాగితాలు ఇప్పుడు స్మిత్సోనియన్ వారి అమెరికన్ కళా భాండాగారంలో ఉన్నాయి, పాత్రలు పలు మ్యూజియంలలో ఉన్నాయి. ప్రదర్శన పెట్టినప్పుడల్లా వరస మాత్రం సాధారణంగా ఒకటే: ముందు దుషాం, తర్వాత రోషె, ఆపైన డాడా పత్రిక, చివరికి కుండలు. ఎప్పుడైనా ఆ పని నా చేతికొస్తే మొదటి గదిలో 1940ల నాటి మామూలు పళ్ళేలు పెడతాను, రెండో గదిలో లస్టర్ పాత్రల చుట్టూ మనిషి నాలుగు వైపులా తిరగడానికి చోటు వదులుతాను, చెడిపోయిన పాత్రలేమైనా దొరికితే వాటినీ పక్కనే ఉంచుతాను. 1917లో కోనీ ఐలాండ్‌లో దుషాంతోనూ, చిత్రకారుడు పికాబియాతోనూ కలిసి ఆమె దిగిన ఫొటోను చివరి గదిలో, బయటికి పోయే తలుపు పక్కన తగిలిస్తే సరిపోతుంది.